ఆ పసుపు కారు తీయండి బాబూ!

ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్ళో ఉండే మా బావమరిది వారానికోసారి నాకో జాబితా పంపుతాడు. ఈసారిది "ఇంగ్లండ్‌లో ఎవరికీ తెలియని పది పల్లెలు". కింద ఓ హెచ్చరిక: "బావా, ఎవరికీ చెప్పకు." అప్పటికే అది నాలుగు తెలుగు గ్రూపుల్లోంచి దొర్లుకుంటూ వచ్చిన ఫార్వర్డ్.

మొదటి పేరు బైబరీ. కాట్స్‌వోల్డ్స్ అనే కొండల ప్రాంతంలో ఏటి ఒడ్డు ఊరు. 14వ శతాబ్దంలో ఉన్ని దాచడానికి కట్టి, 17వ శతాబ్దంలో నేతగాళ్ళ ఇళ్ళుగా మార్చిన ఆర్లింగ్టన్ రో ఉన్నది ఇక్కడే. ఆ ఇళ్ళ వరస బొమ్మను బ్రిటిష్ పాస్‌పోర్టు లోపలి అట్ట మీద అచ్చేశారు కూడా. ఓ రహస్యాన్ని ఇంతమంది జేబుల్లో ఇంత భద్రంగా దాచిన దేశం ఇంకోటి లేదు. ఊళ్ళో ఉండేది దాదాపు 600 మంది. కొన్ని వారాంతాల్లో 20,000 మంది దాకా వచ్చి పడుతున్నారని అక్కడివాళ్ళు మొత్తుకుంటున్నారు. "ఎవరికీ" అన్న లెక్కలోకి వీళ్ళు రారు కాబోలు.

ఇక కారు కథ. ఎనభై దాటిన ఓ పెద్దాయన ఆ ఇళ్ళ దగ్గర తన చిన్న కారు పెట్టుకునేవాడు. ఊరు ఆయనదే, కారూ ఆయనదే. నేరమల్లా రంగు. తేనె రంగు గోడలు, పచ్చగడ్డి, బాతులు, మధ్యలో నిమ్మపండులా ఓ కారు! ఫొటో పాడవుతోందని యాత్రికులు గోల పెట్టారు. 2017లో ఎవరో దాని అద్దాలు పగలగొట్టి, బానెట్ మీద "తియ్యి" అని గీకి పోయారు.

సగం పనే చేశారని నా బాధ. కారొక్కటేనా? ఆ పెద్దాయన స్వెటర్ రంగు ఎవరైనా చూశారా? ఊరందరికీ తేనె రంగు స్వెటర్లే అల్లించాలి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఎవరూ కిటికీలోంచి తొంగిచూడకూడదు. దగ్గొస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గాలి. పాలు కావాలంటే మనం ఫొటోలు దిగి బస్సెక్కాక తెచ్చుకోవాలి. గుండెపోట్లు రాత్రిపూటే రావాలి, ఎందుకంటే ఆ దేశంలో అంబులెన్సులు కూడా పసుపు రంగే.

ఆ ఏప్రిల్‌లో సుమారు వంద పసుపు కార్లు ఆయనకు మద్దతుగా వరసకట్టి బైబరీలో ఊరేగాయి. ఆ ఊళ్ళో చూడలేకపోయానే అని నేను బాధపడేది అదొక్కటే.

నిజంగా జనం పట్టించుకోని చోటు మా వాడి ఇంటికి అరగంట దూరంలోనే ఉంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోక్ రో అనే ఊళ్ళో, నీళ్ళకు అల్లాడే పల్లె కోసం కాశీ మహారాజు డబ్బిచ్చి తవ్వించిన బావి. 1864లో పూర్తయింది. 368 అడుగుల లోతు, అంతా మనుషులు చేత్తో తవ్వినదే. జాబితాలో లేదు. లోతు సెల్ఫీలో పడదు కదా.

తొమ్మిదో పేరు దగ్గర ఆగిపోయాను. డోర్సెట్ తీరంలో టైనమ్. పక్కన రాసింది: "జనం తక్కువ, ఫొటోలకు సూపర్."

జనం తక్కువట! తక్కువ కాదు, లేరు. 1943 డిసెంబరులో, క్రిస్మస్ ముందు, సైన్యం కాల్పులు సాధన చేసుకోవడానికి 225 మందిని ఇళ్ళలోంచి వెళ్ళగొట్టారు. పోతూ పోతూ వాళ్ళు చర్చి తలుపుకు చీటీ అంటించారు: యుద్ధం గెలవడానికి తరతరాల ఇళ్ళు వదిలిపోతున్నాం, జాగ్రత్తగా చూసుకోండి, ఏదో ఒకరోజు తిరిగొస్తాం. యుద్ధం గెలిచారు. 1948లో ప్రభుత్వం ఆ నేలను బలవంతంగా కొనేసింది. తిరిగి రానివ్వలేదు. ఇళ్ళ కప్పులు కూలాయి. శ్రీశైలం ముంపులో ఊరు పోయిన ఏ ముసలమ్మ దగ్గరైనా కూర్చుని ఆ చీటీ చదివి వినిపించండి. అలాంటి మొండిగోడల ముందు నిలబడి, వేళ్ళతో గుండె గుర్తు పెట్టి ఫొటో దిగడానికి చేతులెలా వస్తాయి? దాన్ని సూపర్ అని రాయడానికి సిగ్గు లేదూ?

ఇదంతా మా వాడికి రాసి పంపాను. వెంటనే జవాబొచ్చింది: "టచింగ్, బావా. వీకెండ్‌లో ఓపెనేనా?"

ఓపెనే నాయనా, చాలా వారాంతాల్లో. మిగతా రోజుల్లో ఇంకా కాలుస్తూనే ఉన్నారు.