సవరణ: ‘డెబ్బది ఏళ్లు’ అంటే సంవత్సరాలు కావు

పగ మానుకుని క్షమించడం గురించి మొన్న రాసిన దాంట్లో ఒక పెద్ద పొరపాటు దొర్లింది. ‘‘డెబ్బై సంవత్సరాలైనా, అంటే బతికినంత కాలం క్షమించమని యేసు పేతురుతో చెప్పాడు’’ అని రాశాను. తప్పు. ఎన్నిసార్లు క్షమించాలని శిష్యుడైన పేతురు అడిగితే యేసు ఇచ్చిన జవాబుగా బైబిల్‌లో, మత్తయి సువార్త 18:22లో ఉన్నది ‘‘డెబ్బది ఏళ్ల మారుల (సార్ల) మట్టుకు’’. అక్కడ ‘ఏళ్లు’ అంటే ఏడు అనే అంకెకు బహువచనం. డెబ్బై ఏడులు, అంటే 490 సార్లు. పాత అనువాదం చదువుతూ ‘మారుల’ అన్న మాట మీద నుంచి కళ్లు జారిపోయాయి, ఏం చేయను!

గ్రీకు మూలాన్ని 77 సార్లు అని కూడా చదవొచ్చు. నాకు ఆ పాఠమే ఎక్కువ నచ్చుతుంది. ఎందుకంటే ఆదికాండము 4:24లో, తమ్ముణ్ణి చంపిన కయీను వంశంలోని లెమెకు తన భార్యల ముందు గొప్పలు పోతూ, కయీను కోసం ఏడంతల ప్రతిదండన అయితే తన కోసం డెబ్బది యేడంతలు అంటాడు. పాత నిబంధన గ్రీకు అనువాదంలో అక్కడున్నదీ, మత్తయిలో ఉన్నదీ ఒకటే పదబంధం. పగకు లెమెకు వేసిన లెక్కనే యేసు తీసుకుని క్షమాపణకు తిప్పాడన్నమాట. నా పొరపాటు వల్ల మొన్న ఈ సంగతే పూర్తిగా తప్పిపోయింది.

ఇంకొకటి, చిన్నదే. ‘‘పగతీర్చుట నా పని’’ అన్నది మొన్న నేను రాసినట్టు యేసు కొండమీది ప్రసంగంలోది కాదు. రోమా క్రైస్తవులకు రాసిన పత్రికలో (రోమా 12:19) అపొస్తలుడు పౌలు రాసింది. ద్వితీయోపదేశకాండము 32:35 నుంచి తీసుకున్నాడు.