తప్పుటెత్తులకు పన్ను

చదరంగం ఆడేవాళ్లు కంప్యూటర్లలో చేసే చోటు దుబారా మీద ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ కమిటీ వేయలేదు. ఇక ఊరుకుంటే లాభం లేదు.

ఆటల్ని మామూలు అక్షరాల్లో రాసి దాచే పీజీఎన్ పద్ధతిని 1990లలో స్టీవెన్ ఎడ్వర్డ్స్ తెచ్చారు. అందులో గుర్రం ఒక్క గెంతు వేస్తే Nf3 లాగా మూడక్షరాలు, పక్క ఖాళీతో కలిపి నాలుగు బైట్లు, అంటే 32 బిట్లు. బోర్డు మీద ఉన్నవేమో 64 గడులే! ఏ గడి నుంచి ఏ గడికో చెప్పడానికి 12 బిట్లు చాలు. ఇంకా పిసినారులకు ఇంకో దారుంది: ఆట మొదట్లో వేయగల ఎత్తులు 20 మాత్రమే, వాటిలో ఎన్నోదో చెబితే 5 బిట్లు. ఎంత చిక్కు స్థితిలోనైనా ఆ సంఖ్య 218 దాటదు, ఒక బైటులో 256 దాకా పడతాయి కనక, ఎత్తుకో బైటు ఇస్తే ఎవరూ పస్తుండరు.

ఆన్‌లైన్‌లో ఉచితంగా చదరంగం ఆడించే సైటు లీచెస్ ఇంజినీర్లు దానికీ ఒప్పుకోలేదు. వందల కోట్ల ఆటలు దాచాలి మరి. సాధ్యమైన ఎత్తుల్ని, బుద్ధున్నవాడు ఏది ముందు వేస్తాడో అంచనా వేసి ఆ వరసలో పేర్చారు. ముందున్నవాటికి పొట్టి కోడ్, వెనకవాటికి పొడుగు కోడ్. 1952లో డేవిడ్ హఫ్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చెప్పిన కిటుకే. కుదురుగా ఆడితే రెండు మూడు బిట్లలో సర్దుకుంటుంది, మతిపోయినట్టు ఆడితే పది దాటుతుంది. అంటే మన తెలివితక్కువతనాన్ని డిస్కు మోస్తోంది!

అందుకే ఐదు బిట్లు దాటిన ప్రతి ఎత్తుకూ పన్ను వేయాలని నా ప్రతిపాదన. 1960లో ప్రపంచ చాంపియన్ అయిన మిఖాయిల్ తాల్ బతికుంటే ఇల్లమ్ముకోవాల్సి వచ్చేది. గెలుపు కోసం సొంత పావుల్నే బలివ్వడంలో ఆయన పెట్టింది పేరు. శత్రు బంటు కాపలా కాస్తున్న ఖాళీ గడిలోకి మంత్రిని తోస్తే, అది ఈ వరసలో అట్టడుగునే పడుతుంది. తోసింది మేధావో మందబుద్ధో కోడ్‌కి అనవసరం. తాల్‌కీ, మా వీధి అరుగు మీద ఆడేవాళ్లకీ ఒకటే శ్లాబు. పన్నుల చరిత్రలో ఇంత సమానత్వం నేనెరగను.

1989లో బెల్‌గ్రేడ్‌లో నికోలిచ్, అర్సోవిచ్ చెరో 269 ఎత్తులు వేసి చివరికి డ్రా చేసుకున్నారు. బైటు చొప్పున లెక్కేసినా 538 బైట్లు గల్లంతు. ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ గులాబీ లక్ష బైట్లుంటే, ఆ చోట్లో ఇలాంటి ఆటలు 180 పైగా పడతాయి కదా అని వాదించేవాళ్లున్నారు. గులాబీ సంస్కృతి పద్దు కిందికి వస్తుంది. దానికి మినహాయింపు.

గెలిచినవాళ్లకు కట్టిన పన్ను మొత్తం రీఫండ్ ఇవ్వొచ్చు, తాల్ వారసులు కాస్త ఊపిరి పీల్చుకుంటారు. డ్రా అయితే సగం. నికోలిచ్, అర్సోవిచ్‌లకు మాత్రం పైసా ఇవ్వకూడదు.