నిరీక్షణా పొదుపు పథకం

15 ఏళ్ళకు గాని పూర్తికాని పీపీఎఫ్ అనే పొదుపు ఖాతాలో డబ్బు వేయడానికి వచ్చిన మనిషి, గంటన్నర నిలబడగానే కౌంటరు అవతలివారి మీద విసుక్కోవడం ఏ విధంగా చూసినా సబబు కాదు. ఆడపిల్ల పేర తెరిచిన సుకన్య సమృద్ధి ఖాతాకు గడువు 21 ఏళ్ళు. ఇంతటి గడువులను సంతోషంగా ఒప్పుకొని సంతకం పెట్టినవారే, తీరా తపాలా కార్యాలయంలో అడుగుపెట్టాక లైను కదలడం లేదని గోడ గడియారం వైపు చూస్తుంటారు. శాఖవారు కాలాన్ని ఏళ్ళలో కొలుస్తుండగా మనం నిమిషాల్లో కొలుస్తున్నాం. తగాదా అంతా అక్కడే వస్తోంది.

ఒక మోస్తరు పట్టణంలోని తపాలా కార్యాలయాన్ని తీసుకుందాం. కౌంటర్లు మూడుంటాయి, ఒకదాని వెనుక మనిషి ఉంటాడు. ఆ ఒక్క ఉద్యోగే స్పీడు పోస్టు తూకం వేయాలి, ఆధార్‌లో ఫోన్ నంబరు మార్చాలి, పాసుబుక్కులో పద్దులు ఎక్కించాలి, తపాలా జీవిత బీమా ప్రీమియం కట్టించుకోవాలి, నడుమ రెవెన్యూ స్టాంపు అడిగినవారికి చిల్లర వెతకాలి. ఆయన నెమ్మదిగా పనిచేస్తున్నాడనేవారు ఒక్క పూట అక్కడ కూర్చుని చూడవచ్చు. ఖాళీ కుర్చీలకు కొదవేమీ లేదు.

మన ముందు నలుగురే ఉన్నారని సంబరపడడం అనుభవం లేనివారి లక్షణం. ఆ నలుగురిలో ఒకరు, ఇంటింటా నెలవారీ పొదుపు వాయిదాలు పోగుచేసి తెచ్చి కట్టే ఆర్‌డీ ఏజెంటు అయితే, ఆమె చేతిసంచిలో వీధి వీధంతా ఉన్నట్టే. చూడడానికి ఒక మనిషి, లెక్కకు ఒక పేట. నెలలో 15వ తేదీ దగ్గర పడినప్పుడూ, మళ్ళీ నెలాఖరునా ఇటువంటి పేటలు రెండు మూడు ఒకదాని వెనుక ఒకటి వచ్చి నిలబడతాయి. ఒక్క పోస్టుకార్డు కొనుక్కుపోదామని వచ్చిన పెద్దాయన అప్పుడు చేయగలిగిందల్లా, అందులో రాయదలచుకున్న సంగతి పాతబడకుండా చూసుకోవడమే.

2025లో శాఖ కొత్త సాఫ్ట్‌వేరుకు మారింది. మారే రోజున లావాదేవీలు ఉండవని ముందుగా ప్రకటించి, అన్న మాట తు.చ. తప్పకుండా పాటించింది. ఆ తరువాత అప్పుడప్పుడూ ప్రకటన లేకుండానే అదే సదుపాయం లభిస్తోంది. 'సర్వర్ లేదండీ' అన్న ఒక్క మాట చాలు. అదే ఏడాది రిజిస్టర్డు పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారు గనుక ఇప్పుడు రిజిస్టరు చేయదలచిన ఉత్తరమేదైనా వేగంగానే వెళ్ళాలి. ఆ వేగం కౌంటరుకు అవతల మొదలవుతుంది.

ఆలస్యాన్ని చట్టం కూడా ఆదరించింది. ఉత్తరం పోయినా, ఒకరిది ఇంకొకరికి చేరినా, ఆలస్యమైనా, తాను ప్రత్యేకంగా ఒప్పుకున్న మేరకు తప్ప ప్రభుత్వానికి బాధ్యత లేదని 1898 నాటి తపాలా చట్టంలోని 6వ సెక్షను చెప్పింది. 125 ఏళ్ళు ఆలోచించి 2023లో కొత్త చట్టం తెచ్చినప్పుడు, పాతదానిలో ఎన్ని తీసేసినా ఈ రక్షణను మాత్రం 10వ సెక్షనులో జాగ్రత్తగా నిలబెట్టారు. లైనులో ఆగిపోయిన మనిషిని తపాలా వస్తువుగా పరిగణించవచ్చునా అన్నది న్యాయకోవిదులు తేల్చవలసిన సంగతి. ఒక చోట మొదలై మరో చోటికి చేరవలసి ఉండి నడుమ నిలిచిపోయినది గనుక, నాకైతే పరిగణించవచ్చుననే అనిపిస్తుంది. తూకానికి తగిన స్టాంపులు అంటించుకొని వస్తే వాదనకు బలం కూడా చేకూరుతుంది.

కాబట్టి ఖాళీ పోస్టులు భర్తీ చేయడం, రెండో కౌంటరు తెరవడం వంటి సాహసాలకు పోకుండా, ఉన్న నిరీక్షణనే ఒక చిన్న పొదుపు పథకంగా ప్రకటించాలని విన్నవించుకుంటున్నాను. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక పాసుబుక్కు ఇచ్చి, నిలబడిన గంటలను అందులో జమ చేసి, మిగిలిన పథకాలకు లాగే మూడు నెలలకొకసారి ఆర్థిక శాఖ వడ్డీ ప్రకటిస్తే సరిపోతుంది. నామినీ గడి తప్పనిసరిగా ఉండాలి. ఖాతాదారు భోజనానికి వెళ్ళిన సమయంలో ఆ స్థానంలో నిలబడే హక్కు నామినీకి దక్కాలి. ఖాతాను ఇంకో ఊరి కార్యాలయానికి బదిలీ చేసుకొనే వీలు ఇవ్వవచ్చు, అక్కడి లైను చివర నుంచి మొదలుపెట్టే షరతు మీద. గడువు తీరకముందే విసిగి వెళ్ళిపోదామనుకునేవారిని మాత్రం, ఆర్‌డీ నిబంధన ప్రకారమే, 3 ఏళ్ళు నిండేవరకు కదలనివ్వకూడదు.