మబ్బు వోల్టేజీ కొలిచే పలకలు మన సీమకూ కావాలి

ముంగారు తొలి వాన పడిందంటే చాలు, తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో జనం నడుము వంచి నేలంతా గాలిస్తుంటారు, ఒక్క వజ్రం దొరికితే బతుకు మారిపోతుందని. అదే సమయంలో నెత్తి మీద మబ్బు నల్లగా కమ్ముకుంటుంది, ఎక్కడో ఉరుముతుంది, ఒక ముసలాయన 'అర్జునా, ఫల్గుణా' అంటాడు, అయినా ఎవరూ తల ఎత్తరు. ఈ సీజన్లో మా జిల్లా పేజీల్లో రెండు రకాల వార్తలు పక్కపక్కనే పడుతుంటాయి. ఫలానా ఊళ్లో కూలీకి వజ్రం దొరికింది. ఫలానా ఊళ్లో గొర్రెల కాపరి మీద పిడుగు పడింది. మొదటిది ఫోటోతో వేస్తాం, రెండోది నాలుగు లైన్లలో సరిపెడతాం. అది మా తప్పే, ఒప్పుకుంటున్నాం.

ఆ మబ్బు లోపల ఎంత కరెంటు దాగుందో కొలిచిన వాళ్లున్నారు. ఎక్కడో అమెరికాలో కాదు, ఊటీలో. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల గ్రేప్స్-3 అనే ప్రయోగశాల అక్కడ 2,200 మీటర్ల ఎత్తులో ఉంది. వాళ్లు అక్కడ కూర్చున్నది పిడుగుల కోసం కాదు, అంతరిక్షం నుంచి వచ్చి పడే కాస్మిక్ కిరణాల కోసం. ఆ కిరణాలు పై గాలిని గుద్దుకుంటే మ్యుయాన్లనే చిన్న కణాలు పుట్టి జల్లులా కిందికి రాలుతాయి. మీరు ఇది చదువుతుండగానే మీ అరచేతిలోంచి సెకనుకు ఒకటైనా దూసుకుపోతోంది. నొప్పి లేదు, చప్పుడు లేదు. ఊటీలో 3,712 గొట్టాలతో 560 చదరపు మీటర్ల మ్యుయాన్ టెలిస్కోప్ కట్టి, ఆకాశాన్ని 169 దిక్కులుగా విడదీసి, రాత్రింబవళ్లు ఈ కణాలను లెక్కపెడుతున్నారు.

2014 డిసెంబర్ 1న ఒక ఉరుముల మబ్బు ఆ టెలిస్కోప్ మీదుగా పోయింది. సుమారు 18 నిమిషాల పాటు మ్యుయాన్ల లెక్క 2 శాతం దాకా పడిపోయింది. మ్యుయాన్‌కు విద్యుదావేశం ఉంటుంది కాబట్టి మబ్బులోని వోల్టేజీ దాని శక్తిని పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. టెలిస్కోప్ ఒక హద్దుకు మించిన శక్తి ఉన్నవాటినే లెక్కపెడుతుంది కనుక, లెక్క ఎంత మారిందో చూసి మబ్బు వోల్టేజీ ఎంతో లెక్క కట్టొచ్చు. అలా లెక్క కడితే తేలింది 130 కోట్ల వోల్టులు. మన ఇంటి ప్లగ్గులో ఉండేది 230. అంతకు ముందు బెలూన్లు పంపి కొలిచిన వాటిలో పెద్దది 13 కోట్లే, ఎందుకంటే బెలూను మబ్బులో తాను పోయిన దారినే చూస్తుంది, మ్యుయాన్లయితే మబ్బునంతటినీ ఒకేసారి చీల్చుకుని వస్తాయి. మబ్బుల్లో వంద కోట్ల వోల్టులు ఉండొచ్చని సి.టి.ఆర్. విల్సన్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త 1929లోనే అన్నాడు, ఆ మాట రుజువు కావడానికి తొంభై ఏళ్లు పట్టింది. ఊటీ వాళ్ల ఫలితం అచ్చయింది 2019లో. నాలుగేళ్లకు పైగా కంప్యూటర్ల ముందు కూర్చుని, ఇది మబ్బు పనే, మా మిషను తప్పు కాదు అని తేల్చుకున్నాకే బయటపెట్టారు. యూట్యూబ్‌లో పొద్దున ఒక జోస్యం, సాయంత్రానికి ఇంకో జోస్యం చూసే మనకు ఈ ఓపిక వింతగానే ఉంటుంది.

ఇదంతా ఇక్కడ ఎందుకంటారా? ఆకాశం నుంచి వచ్చే కణాలను పట్టుకునే ఈ రంగం ఇప్పుడు జోరు మీద ఉంది, ఆ సందడి మన ఊళ్లకు మాత్రం చేరడం లేదు. 2021 మేలో అమెరికాలోని యూటా ఎడారిలో ఒకే ఒక్క కాస్మిక్ కిరణ కణం జాడ దొరికింది, రెండున్నర కిలోల రాయి మనిషి తల ఎత్తు నుంచి కాలి మీద పడితే ఎంత దెబ్బో అంత శక్తి ఆ ఒక్క కణంలో ఉంది, అది వచ్చిన దిక్కున చూస్తే గెలాక్సీలే సరిగా లేని ఖాళీ. జపాన్ సూర్యదేవత పేరు మీద దానికి అమతెరాసు అని పేరు పెట్టారు. 2023 ఫిబ్రవరిలో సిసిలీ దగ్గర సముద్రం అడుగున పెట్టిన పరికరాలకు మునుపెన్నడూ చూడనంత శక్తి ఉన్న న్యూట్రినో, అంటే దేన్నైనా దాదాపు తగలకుండా దాటిపోయే అతి చిన్న కణం, తగిలింది, 2025లో ఆ సంగతి చెప్పారు. లడఖ్‌లోని హాన్లేలో 21 మీటర్ల గామా కిరణాల టెలిస్కోప్ 2024 అక్టోబర్‌లో మొదలైంది, దాని తయారీలో మన హైదరాబాద్ ఈసీఐఎల్ చెయ్యి ఉంది. ఇంకా పాత కథ చెప్పాలంటే, కుప్పం దాటగానే వచ్చే కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో మన వాళ్లు, జపాన్ వాళ్లు, ఇంగ్లండ్ వాళ్లు కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ప్రపంచంలో అలా పట్టుకున్న మొదటి వాళ్లలో వాళ్లొకరు. మన సరిహద్దు అవతలే జరిగిన ఈ పని ఇక్కడి బీఎస్సీ పిల్లల్లో ఎంతమందికి తెలుసో ఒకసారి క్లాసులో అడిగి చూడండి.

మేము కోట్ల రూపాయల టెలిస్కోప్ అడగడం లేదు. కడప, కర్నూలు, అనంతపురంలో తలా ఒక చోట కొన్ని చదరపు మీటర్ల సింటిలేటర్ పలకలు పెట్టమంటున్నాం. కణం దూసుకుపోతే చిన్న మెరుపు మెరిసే ప్లాస్టిక్ అది. టేబుల్ మీద పెట్టుకునే చిన్న పెట్టె చాలదా అని కొందరు అడుగుతారు, అలాంటి పెట్టె డిజైన్ అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు ఉచితంగానే ఇచ్చారు, సామాన్లు వంద డాలర్లకు అటూ ఇటూ. పిల్లలకు నేర్పడానికి అది బంగారం, ప్రతి డిగ్రీ కాలేజీలో ఉండాల్సిందే. మబ్బుకు మాత్రం చాలదు. ఐదు సెంటీమీటర్ల పొడవు, ఐదు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పలకకు నిమిషానికి పాతిక మ్యుయాన్లు తగులుతాయనుకుంటే, 18 నిమిషాల మబ్బుకు నాలుగు వందల యాభై, అందులో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులే ఇరవైకి పైన ఉంటాయి, 2 శాతమంటే తొమ్మిదే. దొరకదు. ఒక చదరపు మీటరైతే నిమిషానికి పది వేలు పడతాయి, అప్పుడు కథ వేరు.

వీటితో రేపు ఏ చేలో పిడుగు పడుతుందో చెప్పగలరా అంటే, ఇవాళ చెప్పలేరు. అలా చెబుతామని ఎవరైనా వస్తే నమ్మొద్దు. పిడుగు హెచ్చరికలు విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు పంపుతోంది, ఆ మెసేజ్ వస్తే గొడ్లను వదిలైనా సరే చెట్టు కింద నుంచి లేచి ఇంట్లోకి పొండి. మేము అడుగుతున్నది వేరే. ఊటీ కొండ మబ్బు వేరు, మన ఎర్రనేల ఎండకు ఉడికి లేచే మే నెల మబ్బు వేరు. దీని లోపల వోల్టేజీ ఎలా పెరుగుతుంది, ఎంతసేపు నిలుస్తుంది అన్నది ఇక్కడే కొలిస్తే తప్ప తెలీదు. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ ఫిజిక్స్ వాళ్లకు గాలిలోని ధూళి కణాల మీద ఏళ్ల తరబడి పని చేసిన అనుభవం ఉంది, తిరుపతి దగ్గరి గాదంకిలో వాతావరణ రాడార్ ఉంది. కలిపే వాళ్లే కావాలి.

ఒక్క జాగ్రత్త. తమిళనాడు తేని జిల్లాలో న్యూట్రినోలను పట్టే అబ్జర్వేటరీకి 2015లో కేంద్రం ఒప్పుకుంది, దాదాపు 1,500 కోట్ల ప్రాజెక్టు, కొండలో సొరంగం. ఇవాళ్టికీ లేవలేదు. అక్కడి జనం భయాల్లో కొన్ని అపోహలే, కానీ సైన్సు వాళ్లు ఊరి రచ్చబండ దగ్గరికి పోయి మాట్లాడింది ఆలస్యంగా, తక్కువగా అని మా అభిప్రాయం. మన దగ్గర సొరంగాలు లేవు, రేడియేషన్ లేదు, అయినా పలకలు పెట్టే ముందే ఊళ్లోకి రండి. ఇది ఆకాశం నుంచి వచ్చేదాన్ని లెక్కపెడుతుందే తప్ప దేన్నీ వదలదని శెనక్కాయ రైతుకు అర్థమయ్యేలా చెప్పండి. అర్థం కాకపోతే తప్పు రైతుది కాదు.

ఇక మిగిలిన చిక్కు, ఈ పలకలు పెట్టాల్సిన కాలేజీ మిద్దెలది. బలహీనమైన కణాలను ఆపడానికి పలకల మీద మందంగా కాంక్రీటు పేర్చాలి, ఊటీలో అలాగే చేశారు. మన పాత కాలేజీ మిద్దెలు ఆ బరువు మోస్తాయో లేదో ముందు ఇంజనీరును పిలిచి అడగాలి, మోయవంటే కింద గ్రౌండ్‌లోనే ఒక షెడ్డు వేసుకోవాలి. ఆ పని వచ్చే ముంగారుకు ముందే మొదలవ్వొచ్చు.