బిళ్ళ మానేస్తే స్టెంట్ దాకా

మన ఊళ్ళల్లో ఎవర్ని కదిపినా ఒకటే మాట, "బీపీ తగ్గిందండీ, అందుకే బిళ్ళ మానేశా". తగ్గింది ఆ బిళ్ళ వల్లే కదా అంటే నవ్వి ఊరుకుంటారు, ఒకసారి మొదలెడితే అలవాటైపోద్దని ఇంకొకరు, తల తిరగట్లేదు కదా ఎందుకు అని మరొకరు. చిక్కంతా అక్కడే ఉంది, పై బీపీ 160 ఉన్నా చాలామందికి ఏమీ తెలీదు, లోపల మాత్రం గుండె, కిడ్నీలు, మెదడుకెళ్ళే రక్తనాళాలు మెల్లగా పాడవుతూనే ఉంటాయి.

2021లో కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో 46 ఏళ్ళకే పోయినప్పుడు జిమ్ మంచిదా చెడ్డదా అని తెగ మాట్లాడుకున్నాం, ఇంట్లో అమ్మానాన్నల బీపీ ఎంతుందో చూపిద్దామన్న మాట మాత్రం అంతగా వినపడలేదు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదోడికీ గుండె ఆపరేషన్ అందింది, అది చిన్న విషయం కాదు. 2017లో కేంద్రం స్టెంట్ల (మూసుకుపోయిన గుండె నాళంలో పెట్టే చిన్న జాలీ గొట్టాల) ధరకి కళ్ళెం వేసింది, అదీ మంచిదే. కానీ స్టెంట్ తెరిచేది మూసుకుపోయిన ఆ ఒక్క చోటే, మిగతా నాళాల సంగతి మళ్ళీ బీపీ, షుగరు, సిగరెట్టు చేతుల్లోనే ఉంటది. అంత ఖర్చు భరించే ప్రభుత్వాలు రోజుకి కొద్ది రూపాయల బిళ్ళ దగ్గర ఎందుకు తడబడాలి? కూలికెళ్ళే మనిషి ఒక పూట పని మానుకుని వస్తే "స్టాక్ లేదు, వచ్చేవారం రా" అంటే రెండోసారి రాడు, అతన్ని తప్పుపట్టలేం.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. రోజుకి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అంటే ఒక టీస్పూను, మనకి పెరుగన్నంలో వేసుకునే ఉప్పు, నంజుకునే ఆవకాయ, ఊరమిరపకాయలతోనే సగం అయిపోద్ది. ఆవకాయ మానమంటే మా ఆఫీసులోనే ఎవరూ వినరు, కనీసం కంచంలో ఉప్పు పోసుకోవడం ఆపితే చాలు. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే మాత్రం గ్యాసని సోడా తాగి పడుకోకుండా 108కి ఫోన్ చెయ్యండి, ముందు ఈసీజీ తియ్యనివ్వండి.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనీ మేం అడిగేది పెద్దదేం కాదు. ఊళ్ళో ఉండే ఆరోగ్య సబ్‌సెంటర్‌లో 30 రోజుల బీపీ బిళ్ళలు ఒకేసారి చేతికివ్వండి, నెల తిరిగాక ఎవరు రాలేదో ఆశా వర్కర్‌కి లిస్టు ఇచ్చి ఇంటికి పంపండి, అలా తిరిగినందుకు ఆమెకి డబ్బులు కూడా టైముకి ఇవ్వండి.