ఆపరేషన్ తర్వాత మతి తప్పితే రక్తపరీక్షలో తెలుస్తుందా?

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈ మెసేజ్ ఇప్పటికి మూడుసార్లు తిరిగింది: "పెద్దవాళ్లకు ఆపరేషన్ తర్వాత మతి తప్పేది మత్తుమందు వల్లే. పూర్తి మత్తు వద్దని, వెన్నులో ఇంజెక్షనే చేయమని గట్టిగా అడగండి. ఇది మెదడువాపు. సీఆర్‌పీ, ఐఎల్-6 పరీక్షలు చేయిస్తే బయటపడిపోతుంది. స్టెరాయిడ్ ఇస్తే తగ్గుతుంది. ఒకసారి వచ్చిందంటే ఇక అల్జీమర్సే."

మొత్తం అబద్ధమైతే నేనూ పట్టించుకునేదాన్ని కాదు. అక్కడక్కడా నిజం కలిసి ఉండటంతోనే వచ్చింది చిక్కు.

మొదటిది, మత్తుమందు. తుంటి ఎముక విరిగినవాళ్లలో దీన్ని పరీక్షించి చూశారు. అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో 1,600 మందితో చేసిన రీగెయిన్ అధ్యయనం 2021లో వచ్చింది. ఎవరికి ఏ మత్తు అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించారు. వెన్నులో ఇంజెక్షన్ చేసినవాళ్లలో 20.5 శాతానికి, పూర్తి మత్తు ఇచ్చినవాళ్లలో 19.7 శాతానికి డెలిరియం, అంటే ఇలా ఉన్నట్టుండి మతి తప్పడం, వచ్చింది. మరుసటి ఏడాది చైనా నుంచి 950 మందితో వచ్చిన రాగా అధ్యయనంలో అదే వరసలో 6.2, 5.1 శాతం. రెండు చోట్లా చెప్పుకోదగ్గ తేడా లేదు. మందులకు పాత్రే లేదని కాదు. రాత్రిపూట అల్‌ప్రజోలం లాంటి నిద్రమాత్ర వేసుకునే అలవాటున్నా, సాయంత్రం 'మందు' అలవాటున్నా మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. అవి ఒక్కసారిగా ఆగినా మతి తప్పుతుంది. మొహమాటపడి దాచేది సరిగ్గా ఇవే.

ఇక 'మెదడువాపు'. మనకు ఆ మాట వినగానే దోమలు, పందులు, జ్వరంతో ఫిట్స్ వచ్చే పిల్లలు గుర్తొస్తారు. అది జపనీస్ ఎన్‌సెఫలైటిస్, వేరే జబ్బు. ఇక్కడి సంగతి ఇన్‌ఫ్లమేషన్, అంటే గాయానికి శరీరం రక్షణగా స్పందించడం. ఎవరో దాన్ని 'వాపు' అని తెలుగు చేసేసరికి జనం హడలిపోతున్నారు. ఎముక విరిగినా, కత్తి పడినా దెబ్బతిన్న కణాల నుంచి ప్రమాద సంకేతాల్లాంటి పదార్థాలు రక్తంలోకి వస్తాయి. తెల్లరక్తకణాలు రెచ్చిపోయి ఐఎల్-6 లాంటి సంకేత ప్రొటీన్లను వదులుతాయి. మెదడుకు, రక్తానికి మధ్య ఉండే అడ్డుగోడ కాస్త సడలి, మెదడులోని కాపలా కణాలు ఉలిక్కిపడతాయి. ఈ వరస ఎక్కువగా ఎలుకల కాలి ఎముక విరిచి చేసిన ప్రయోగాల్లో తేలింది. మనుషుల్లోనూ ఇలాగే జరుగుతుందనడానికి ఆధారాలున్నాయి. అంతే తప్ప, స్కాన్ తీస్తే మెదడు ఉబ్బి కనిపించదు.

నాకు అసలు కోపం తెప్పించింది రక్తపరీక్ష సంగతి. సీఆర్‌పీ అంటే ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రొటీన్. ఆపరేషన్ అయిన ప్రతివాళ్లకూ అది పెరుగుతుంది, రెండు మూడు రోజుల్లో శిఖరానికి చేరుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. డెలిరియం వచ్చినవాళ్ల సగటు, రానివాళ్ల సగటు కంటే ఎక్కువన్నది కొన్ని అధ్యయనాల్లో నిజమే. కానీ సగటు వేరు, మంచం మీదున్న మనిషి వేరు. ఎండాకాలం బస్సులో చెమట చూసి జ్వరం ఎవరికో చెప్పగలమా? న్యూరోఫిలమెంట్ లైట్ అనే మరో గుర్తు ఉంది. నరాల తీగలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్ అది. దాని మీద నాకూ ఆశ ఉంది. అయితే వయసుతోనూ, పక్షవాతంలోనూ, కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా అదీ పెరుగుతుంది.

మరి తెలిసేదెలా? మా పెద్దమ్మకు తుంటి ఆపరేషన్ అయ్యాక రెండు రోజులు మెదలకుండా పడుకుంది. "మందుల మత్తు, పడుకోనీ" అనుకున్నాం. అరిచి, సెలైన్ గొట్టం పీకేస్తేనే మతి తప్పినట్టని మా లెక్క. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరమ్మ మాత్రం ఆగి, "అమ్మా, ఆదివారం నుంచి వెనక్కి వారాలు చెప్పండి" అంది. పెద్దమ్మ "ఆదివారం... శనివారం..." అని ఆగిపోయి, దుప్పటి అంచు నలుపుతూ, "కోళ్లను గంప కింద కమ్మారా?" అంది. సిటీ ఫ్లాటులో కోళ్లెక్కడివి! ఏ రక్తపరీక్షా లేకుండా అక్కడే తేలిపోయింది. ఇలా నిశ్శబ్దంగా వచ్చే డెలిరియమే ఎక్కువగా ఎవరి కంటా పడకుండా పోతుంది.

ఆమె కళ్లజోడు, చెవి మిషను అప్పటికి నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి, పోతాయేమోనని. యేల్ వైద్యులు 1999లో 70 ఏళ్లు దాటిన 852 మంది రోగులతో చేసిన అధ్యయనంలో కళ్లజోడు, చెవి మిషను, రాత్రి నిద్ర, నడిపించడం, తగినన్ని నీళ్లు లాంటి వాటితోనే డెలిరియం 15 శాతం నుంచి 9.9కి తగ్గింది. వాళ్లు ఆపరేషన్ రోగులు కాదు, మామూలు వార్డువాళ్లు. అయినా నేను వెంటనే బ్యాగు తెరిచాను.

స్టెరాయిడ్ సంగతి ఒక్క ముక్కలో: గుండె ఆపరేషన్లలో 7,507 మందితో చేసిన సర్స్ అధ్యయనంలో (2015) స్టెరాయిడ్ ఇచ్చినా ఇవ్వకపోయినా డెలిరియం 8 శాతమే. పైగా షుగర్ పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది.

అల్జీమర్స్ మాటలో సగం నిజముంది. డెలిరియం వచ్చినవాళ్లకు తర్వాతి ఏళ్లలో జ్ఞాపకశక్తి మందగించే ముప్పు ఎక్కువ. కొందరిలో మరుపు జబ్బు అప్పటికే లోపల మొదలై ఉండి, ఆపరేషన్‌తో బయటపడుతుంది. కానీ చాలామంది రోజుల్లోనో వారాల్లోనో తేరుకుంటారు. పెద్దమ్మ అయిదో రోజు పొద్దున కళ్లజోడు సర్దుకుని, కాఫీలో చక్కెర లేదని నన్ను తిట్టింది. ఆమెకు షుగర్ ఉందన్న సంగతి మాత్రం ఎప్పటిలాగే మర్చిపోయింది.