అట్ట మీద ఎడమ, జీపు కింద కుడి

మొన్న బుధవారం నాటి సంగతి. నడుము ఇంకా పట్టేసే ఉంది. కుర్చీలో ఒక పక్కకు ఒరిగి రాస్తున్నాను.

మాకు అనంతపురంలో ఒక పాత డీజిల్ జీపు ఉంది. సైలెన్సర్ పైపు తుప్పుపట్టి రాలిపోతే పోయిన నెల కొంచెం లావు పైపు వేయించాను. అప్పట్నుంచి స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ కింద ‘టంగ్’. గేరు బాక్సును కింద నుంచి మోసే అడ్డపట్టీ ఒకటుంటుంది, దాన్ని క్రాస్ మెంబర్ అంటారు. కొత్త పైపు దానికి రాసుకుంటోంది. లేపాక్షి గుడిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగుతారు కదా, నేనూ పైపుకూ పట్టీకీ మధ్య పోస్టుకార్డు దూర్చి చూశాను. దూరలేదు. ఇంజను కూర్చునేది రబ్బరు మౌంట్ల మీద. యాక్సిలేటర్ తొక్కితే నిద్ర లేచినవాడు ఒళ్లు విరుచుకున్నట్టు ఒక పక్కకు ఒరుగుతుంది, పైపునూ లాక్కుపోతుంది. ఆగి ఉన్నప్పుడు కాస్తయినా ఖాళీ లేకపోతే నడిచేటప్పుడు తగలక మానదు. పైగా ఆ వేడికి పక్కనున్న రబ్బరు కూడా ఎండి పగులుతుంది.

కాబట్టి పైపు వెళ్లే చోట పైకి వంపు తిరిగిన కొత్త పట్టీ చేయించాలి. కొలతలు నేనే తీస్తానన్నాను. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాణ్ని, నాకు తెలియని జామెట్రీనా?

గేరు బాక్సు కింద చెక్క పెట్టి, జాకీ ఎత్తి, పాత పట్టీ విప్పాను. ఫ్యాను వచ్చిన అట్టపెట్టెను కత్తిరించి, వెల్లకిలా పడుకుని, జీపు కింది ఇనుప చట్రానికి, అంటే ఛాసిస్‌కు ఆనించి రంధ్రాలన్నీ గుర్తులు పెట్టాను. పైపు వెళ్లే చోట గీత గీసి ‘పైపు, ఎడమ’ అని పెద్ద అక్షరాలతో రాశాను. వంపు ఎంత ఎత్తు లేవాలో చూపడానికి అట్ట మందం ఎక్కువై సరిగ్గా వంగలేదు. టీపాయ్ మీద పెళ్లిపత్రిక ఒకటి కనపడితే దాన్ని విల్లులా కత్తిరించి టేపుతో అంటించాను. చూడముచ్చటగా వచ్చింది.

జీపును వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి వదిలాను. అక్కడి మేస్త్రీ అట్టను ఇటూ అటూ చూసి, ‘‘అయిపోతాది సార్, రేపు రాండి’’ అన్నాడు. ఆ రేపు నాలుగు రోజులు సాగింది. ఒకరోజు కరెంటు లేదు, ఒకరోజు వెల్డింగ్ రాడ్లు లేవు, ఒకరోజు మేస్త్రీయే లేడు. అక్కడ పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏడాదికి లక్షల కార్లు తయారు చేయగల ఫ్యాక్టరీ ఉంది. ఇక్కడ నాకు రెండున్నర అడుగుల ఇనుము కావాలి, అంతే.

చివరికి తయారైంది. అబద్ధం ఎందుకు, పని మాత్రం బాగుంది. రెండంగుళాల చదరపు పైపు, 3 మిల్లీమీటర్ల మందం, వంపు దగ్గర ముక్కలు కోసి అతికిన చోట వెల్డింగు జడ అల్లినట్టుంది. బిగించడానికి 300 వేరే అన్నాడు. ‘‘అక్కర్లేదులే, నేనే బిగించుకుంటా’’ అని గోనెసంచి పరుచుకుని జీపు కిందికి దూరాను. ఆ 300 గురించి ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఎడమ వైపు రెండు బోల్టులూ చేత్తోనే ఎక్కాయి. ఆహా అనుకున్నాను. కుడి వైపు పట్టీ వేలెడు పైనే ఆగిపోయింది. కుర్రాణ్ని పిలిచి సుత్తితో కొట్టమన్నాను. కొట్టాడు. సైలెన్సర్ పైపు మోగింది. అప్పుడు గదా తల తిప్పి చూసింది. పైపు కుడి వైపు ఉంది. దాని మీద తిన్నగా, కర్రలా, నా కొత్త పట్టీ. నేను ముచ్చటపడి చేయించుకున్న వంపు ఎడమ వైపు ఉంది. ఆ వంపు కింద పైపు లేదు. ఏమీ లేదు. గాలి ఉంది. పందిరి మన వాకిట్లో వేసి, పెళ్లివాళ్లు పక్క వీధిలో దిగినట్టుంది.

మొదట నాకు తోచింది ఏమిటంటే, జీపు తప్పు. నిజంగానే అర నిమిషం అలాగే అనుకున్నాను.

ఈలోగా నా చప్పుడు ఆగిపోయేసరికి జీపు చుట్టూ తలలు కిందికి వంగాయి. పడుకుని చూస్తే మనుషుల మొహాలు అడ్డంగా కనపడతాయి. టీకొట్టాయన అడ్డంగా, గుంటక అతికించుకోవడానికి వచ్చిన రైతు ఇంకో పక్క నుంచి అడ్డంగా.

‘‘ముందుది వెనక్కి తిప్పి పెట్టు సామీ’’ అన్నాడు రైతు.

తిప్పాను. వంపు పైపు మీదికి వచ్చింది. కానీ గేరు బాక్సు బోల్టులు పట్టీకి సరిగ్గా మధ్యలో ఉండవు, కాస్త ముందుకు ఉంటాయి. ఇప్పుడు అవి వెనక్కి పోయాయి.

‘‘అయితే పైది కిందికి తిప్పన్నా’’ అన్నాడు టీకొట్టాయన.

అదీ తిప్పాను. రంధ్రాలన్నీ కలిశాయి. వంపు మాత్రం బొజ్జలా కిందికి వేలాడింది, ఆ బొజ్జ పైపు మీద కూర్చుంది. పట్టీ బరువు ఐదు కిలోలుంటుంది. ఐదు కిలోలు పెద్ద బరువేమీ కాదు, పడుకుని రెండు చేతులతో మొహం మీద పట్టుకుని నలుగురి సలహాలూ వినాల్సి రానంతవరకు. పాత తుప్పు కంట్లో పడుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. ‘‘సార్, టీ తాగుతారా?’’ అని కూడా అడిగారు ఎవరో.

మేస్త్రీ మాత్రం వంగలేదు. లోపలికి పోయి అట్ట తెచ్చి జీపు పక్కన నేల మీద పెట్టాడు. దాని మీద నా చేతిరాత. ‘పైపు, ఎడమ’.

అప్పుడు అర్థమైంది. నేను తల ఇంజను వైపు, కాళ్లు వెనక టైర్ల వైపు పెట్టి వెల్లకిలా పడుకుని, నా ఎడమనే ఎడమ అని రాశాను. రాసింది కూడా అట్ట కింది ముఖం మీద. జీపు ఎడమ ఏదో జీపునడగాలి గానీ, నన్నడిగితే ఎట్లా? ఆయన ఆ రాత పైకి వచ్చేట్టు బల్ల మీద పెట్టి, అద్దంలో బొమ్మలా చేసి ఇచ్చాడు.

‘‘కింది నుంచి రాశానయ్యా’’ అన్నాను కింది నుంచే.

‘‘రాత పైకే గదా సార్ పెట్టేది? బోర్లా పెడితే ఎట్ల చదివేది?’’

దీనికి జవాబు నాకు అప్పుడూ దొరకలేదు, ఇప్పుడూ దొరకలేదు. కానీ ఒకటి మాత్రం అంటాను. నాలుగు రోజులు ఆ జీపు ఆయన షాపు ముందే ఉంది. ఒక్కసారి వంగి చూస్తే పైపు ఏ పక్కనుందో కనపడేది. వంగితే ఆయన నడుముకు ఏమవుతుందట? నా నడుముకైనదే అవుతుంది!

‘‘పైపే ఆ పక్కకు మార్పించుకో సార్, సులువు’’ అన్నాడు చివరికి. కొత్తది చేయాలంటే మళ్లీ 1,800. ఎప్పటికి? రేపటికి.

పాత పట్టీనే బిగించుకుని, దారి పొడుగునా టంగ్ టంగ్‌మంటూ ఇంటికొచ్చాను. మా ఆవిడ వాకిట్లోనే ఎదురై, ‘‘ఆదివారం గుంతకల్లులో మా పిన్ని కూతురి పెళ్లి, ముహూర్తం ఎన్నింటికో చూద్దాం, ఆ పత్రిక ఎక్కడ పెట్టినావు?’’ అంది.

షాపుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. రాత్రి ఎనిమిదికి ఎత్తి, ‘‘ఆ అట్టనా సార్? మీకు ఇంక పనికిరాదనుకున్యా. పొద్దున కుంపటి అంటించుకోనీకి టీకొట్టాయనకు ఇచ్చినా’’ అన్నాడు.